అక్క బకెట్టు

కొవ్వూరు దాటాక ఏటిగట్టు పక్కనున్న ఆ బాలికల హాస్టల్‌కి ఉదయం అయిదింటికి ఎవరైనా వెళ్తే, కుళాయిల దగ్గర ఆరో తరగతి పిల్లలు బారులు తీరి కనిపిస్తారు. ఒక్కొక్కరి దగ్గర రెండేసి బకెట్లు. తోసుకోవడాలు లేవు, అరుచుకోవడాలు లేవు. ఒక బకెట్టు నిండగానే రెండు చేతులతో ఎత్తి, లంగా తడవకుండా ఒక పక్కకి ఒరిగి నడుస్తూ, వరండా చివరిదాకా మోసుకెళ్ళి దింపుతారు. మళ్ళీ వచ్చి రెండోది పడతారు. చూడవచ్చిన పెద్దలు ముచ్చటపడిపోతారు. ఇంత చిన్నపిల్లలకి ఎంత క్రమశిక్షణో అంటారు. ఆ రెండో బకెట్టు ఎవరిదని మాత్రం ఎవరూ అడగరు.

వార్డెన్ సత్యకుమారి కూడా అడిగేది కాదు. అడగడానికి ఆవిడకి తీరికేదీ? నూట ఎనభై మంది ఆడపిల్లలకి ఆవిడ ఒక్కర్తే. నీళ్ళ మోటారు రోజు విడిచి రోజు మొరాయిస్తుంది. ఒకరి రిబ్బను ఇంకొకరి జడలో దొరుకుతుంది, ఆ తగువు తీరేసరికి ప్రేయరు గంట కొడతారు. ఉప్మాలో ఉప్పు లేదని తొమ్మిదో తరగతి అలిగితే, ఉప్పెక్కువైందని ఎనిమిదో తరగతి కంచాలు పక్కకి నెడుతుంది. ఇంతలో ప్రిన్సిపాల్ గున్నేశ్వరరావు గారు ఫోన్ చేసి, తనిఖీకి ఎవరో వస్తున్నారు, కిటికీ తెరలు ఉతికించమంటారు. ఇన్నింటి మధ్య బకెట్ల లెక్క ఎవరికి కావాలి? పైగా ఆ రెండో బకెట్టు సంగతి ఆవిడకి కొత్తదేమీ కాదు. ముప్ఫై ఏళ్ళ కిందట తనూ ఆ హాస్టల్లోనే చదివింది.

అక్కడొక ఆనవాయితీ ఉంది. జూన్‌లో కొత్తగా చేరిన ప్రతి ఆరో తరగతి పిల్లకీ ఒక పదో తరగతి అమ్మాయిని అక్కగా ఇస్తారు. చీటీలు తీస్తారు. ఎవరి చీటీ వస్తే ఆ అక్క కొత్త పిల్లకి బొట్టు పెట్టి, బెల్లం ముక్క నోట్లో పెడుతుంది. స్కూలు కరపత్రంలో ఏటేటా ఆ ఫోటోనే ముందు వేస్తారు. పిల్ల ఇంటి మీద బెంగ పెట్టుకోకుండా అక్క కనిపెట్టుకుని ఉండాలని, జడ వెయ్యాలని, పాఠం చెప్పాలని ఎవరో మంచి మనసుతో పెట్టిన పద్ధతి. అది ఏ ఏడు తిరగబడిందో తెలీదు. ఇప్పుడు చెల్లెలే అక్కకి నీళ్ళు మోస్తుంది. చెల్లెలే అక్క బట్టలు ఉతుకుతుంది. భోజనాల దగ్గర రెండు కంచాలు పట్టుకుని లైన్లో నిలబడుతుంది. ఆదివారం ఇంటి నుంచి చెల్లెలికి వచ్చిన జంతికల డబ్బా మూత ముందుగా అక్కే తీస్తుంది.

ఈ ఏడు చేరిన పిల్లల్లో రమ్యశ్రీ అని ఒకమ్మాయి ఉంది. తుని దగ్గర సముద్రపొడ్డు ఊరు. తండ్రి పల్లంరాజు వేటకి వెళ్తాడు, తల్లి లోవమ్మ చేపలమ్ముతుంది. వాళ్ళ ఇంట్లో ఇంగ్లీషు మీడియం గడప తొక్కిన మొదటి పిల్ల ఇదే. ప్రవేశ పరీక్షలో రెండో ర్యాంకు తెచ్చుకుంది. చీటీల్లో ఆమెకి హారతి అక్కగా వచ్చింది. హారతి తండ్రి వెంకటరత్నం గారికి మండపేటలో పెద్ద బట్టల షాపు.

ఆగస్టు మొదటి వారంలో లెక్కల టీచర్ రెబెక్కా ఒక నోటుపుస్తకం పట్టుకుని వార్డెన్ గదికి వచ్చింది. జూన్‌లో రాసిన పేజీ, నిన్న రాసిన పేజీ పక్కపక్కన తెరిచి చూపించింది. ముత్యాల్లాంటి అక్షరాలు వంకర్లు తిరిగి, లైను మీంచి కిందకి జారిపోతున్నాయి. పైగా పిల్ల రెండో పీరియడ్‌కే నిద్రకి తూలుతోందట. సత్యకుమారికి ముందు వచ్చింది చిరాకే. దీనికి కూడా నేనే దొరికానా అనుకుని, రమ్యశ్రీని పిలిపించి, చదువు మీద శ్రద్ధ లేదని గట్టిగా నాలుగు చీవాట్లు పెట్టింది. పిల్ల తల వంచుకుని ఏమీ లేదండి అంది. పెన్సిల్ పట్టుకుని ఒక వాక్యం రాయమంటే మాత్రం చెయ్యి వెనక్కి దాచుకుంది.

ఆ చెయ్యి లాగి చూసింది సత్యకుమారి. వేళ్ళ సందులు సబ్బునీళ్ళకి తెల్లగా నాని, తోలు లేచిపోయి ఉంది. రోజుకి రెండు జతల బట్టలు, రెండు కంచాలు, నాలుగు బకెట్లు. పదకొండేళ్ళ పిల్ల. ఆవిడ మందు రాసి, హారతిని పిలిచి, ఇక నీ బట్టలు నువ్వే ఉతుక్కో అని చెప్పింది. అలాగే మేడం అని హారతి ఎంతో వినయంగా తలూపింది. మర్నాటి నుంచి ఉతుకుడు కుళాయిల దగ్గర్నుంచి బాత్రూముల వెనక్కి మారింది. అంతే తేడా.

అప్పుడు సత్యకుమారికి నిజంగా ఒళ్ళు మండింది. ఒకరి పని ఇంకొకరి చేత చేయించకూడదని కాగితం మీద రాసి నోటీసు బోర్డుకి అంటించింది. ఆ కాగితం రెండు రోజులు కూడా ఉండలేదు. చింపింది పిల్లలు కాదు. ప్రిన్సిపాల్ గారే తీయించారు. మండపేట నుంచి వెంకటరత్నం గారు ఫోన్ చేశారట. మా అమ్మాయి ఆరో తరగతిలో చెయ్యలేదా, ఇప్పుడు పబ్లిక్ పరీక్షల ఏడాదిలో ఆమె బట్టలు ఉతుక్కుంటూ కూర్చోవాలా అని అడిగారట. గున్నేశ్వరరావు గారు మెత్తగానే చెప్పారు. పెద్దల మాట వినడం నేర్పడమే మన స్కూలు గొప్ప అన్నారు. పూర్వ విద్యార్థినులంతా ఆ రోజుల్ని తలుచుకుని మురిసిపోతారన్నారు. చివరికి, "మీరూ ఇక్కడ చదివినవారే కదండీ. మీకేమైనా తక్కువైందా?" అన్నారు.

సరే, పిల్లల తల్లిదండ్రులైనా కలిసొస్తారేమోనని నలుగురైదుగురు ఆరో తరగతి పిల్లల ఇళ్ళకి ఫోన్ చేసింది. ఒకాయన, పోన్లెండి మేడంగారూ, పని నేర్చుకుంటుంది అన్నాడు. ఇంకొకావిడ, ఎదురుతిరిగితే పిల్లని వేరు పెడతారేమో, మీరు మాత్రం మా పేరు చెప్పకండి అని బతిమాలింది. వీటన్నిటినీ మించింది ఏడో తరగతి పిల్లల రాయబారం. నిరుడు నీళ్ళు మోసి మోసి ఏడ్చిన పిల్లలే పదిమంది గుంపుగా వచ్చి, ఈ పద్ధతి తీసెయ్యొద్దని మొరపెట్టుకున్నారు. తాము పదో తరగతి దాటేదాకా ఉంచమన్నారు. ఎవరి కోసమైతే తను పోట్లాడుతోందో వాళ్ళే అడ్డం పడుతుంటే ఆవిడకి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

రెండో ఆదివారం తల్లిదండ్రులు వచ్చే రోజు. లోవమ్మ తెల్లవారకుండానే తునిలో ప్యాసింజరెక్కి పది గంటలకల్లా వచ్చింది. రొయ్యపొట్టు వేపుడు ఒక డబ్బాలో, సున్నుండలు ఒక డబ్బాలో తెచ్చింది. వరండాలో కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుని అన్నం కలిపి, నువ్వే తిను అని కంచం చేతికిచ్చింది. కారం తగిలి పిల్ల చెయ్యి విదిలించుకుంది. లోవమ్మ ఆ చెయ్యి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కంచం పక్కనపెట్టి, పిల్లని వెంటబెట్టుకుని వార్డెన్ గదికి వచ్చింది.

ఆమె కేకలెయ్యలేదు. తన రెండు చేతులూ టేబుల్ మీద పరిచింది. ఐసుకీ ఉప్పుకీ పగిలి, చేప ముళ్ళు గీరుకుపోయి, గోళ్ళు అరిగిపోయిన చేతులు.

"చూడండి మేడంగారూ. ఇరవయ్యేళ్ళుగా ఇవే నా చేతులండి. అందుకే ఈ పిల్ల చేత ఇంట్లో చేపల బుట్ట ముట్టించలేదండి. వాళ్ళ నాన్న వల సర్దమంటే నేను వద్దన్నానండి. దీని చేతికి పెన్నే ఉండాలని ఇక్కడికి పంపానండి. పనే చెయ్యాలంటే మా ఇంటి పనే చేసుకుంటుంది కదండి, ఇంతదూరం ఎందుకండి? టీసీ ఇచ్చెయ్యండి, తీసుకుపోతాను."

సత్యకుమారి కుర్చీలోంచి లేచింది. సాయంత్రం ప్రేయరు దాకా ఆగమ్మా, ఆ తర్వాత నీ ఇష్టం అని మాత్రం అడిగింది. లోవమ్మ ఒప్పుకుంది. ఒప్పుకుంది గానీ, వరండాలో కూర్చుని పిల్ల ట్రంకుపెట్టె సర్దడం మొదలుపెట్టింది.

వార్డెన్ హారతిని పిలిపించింది. ఈసారి మెత్తగా చెప్పలేదు. పద్నాలుగేళ్ళు నిండిన దానివి, ఆ చిన్నదాని చేతులు చూస్తే నీకేమీ అనిపించలేదా అని దులిపేసింది. హారతి ముందు బిక్కమొహం వేసింది. తర్వాత ఆమె కళ్ళలో నీళ్ళతో పాటు కోపం కూడా వచ్చింది.

"నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా అక్క దుప్పట్లు కూడా ఉతికాను మేడం. జ్వరం వచ్చిన రోజు కూడా ఉతికాను. అప్పుడు కూడా మీరే వార్డెన్. ఎవరూ ఆపలేదు. మీరూ ఇక్కడే చదివారు కదా. మీ చెల్లి ఎవరు మేడం?"

సత్యకుమారి జవాబు చెప్పబోయింది. పేరు నాలుక మీదకి రాలేదు.

తన అక్క పేరు అడిగితే నిద్రలో లేపినా చెబుతుంది. మంగతాయారు. ఆమె జాకెట్టు మెడ దగ్గర రెండుసార్లు సబ్బు పెట్టాలి. నీళ్ళు చల్లగా ఉంటే బకెట్టు తన్నేసేది. ఆమె చెప్పుల చప్పుడు కూడా ఇప్పటికీ గుర్తే. కానీ పదో తరగతిలో తనకి నీళ్ళు మోసిన పిల్ల? సన్నటి జడ ఒకటి గుర్తొస్తోంది. తడిసిన పాదాలు గుర్తొస్తున్నాయి. ఏడాది పాటు బట్టలు ఉతికించుకుని, ఆ పిల్ల పేరే మరిచిపోయింది. ఇప్పుడు ఆమెకి కూడా నలభయ్యేళ్ళు దాటి ఉంటాయి. తను మంగతాయారుని తలుచుకున్నట్టే, ఆమె ఎక్కడో సత్యకుమారి అనే అక్కని తలుచుకుంటూ ఉంటుంది. ఇన్నాళ్ళూ మోటారు మీద, ప్రిన్సిపాల్ మీద, పిల్లల మీద పడిన విసుగంతా ఒక్కసారిగా తన మీదకే తిరిగింది.

సాయంత్రం ప్రేయరు అయ్యాక ఆవిడ పిల్లలందరినీ కూర్చోమంది. గున్నేశ్వరరావు గారు కూడా కుర్చీలో ఉన్నారు. లోవమ్మ స్తంభం పక్కన నిలబడింది. సత్యకుమారి నీతులు చెప్పలేదు. మంగతాయారు సంగతి చెప్పింది. తర్వాత తన చెల్లి సంగతి చెప్పింది. ఆ పిల్ల పేరు గుర్తులేదని కూడా చెప్పింది. మోసిన వాళ్ళకి జన్మంతా గుర్తుంటుంది, మోయించుకున్న వాళ్ళకి పేరు కూడా మిగలదు అంది. హారతి జ్వరంతో దుప్పట్లు ఉతికిన రోజు తను వార్డెన్‌గా ఉండి చూడనందుకు, అందరి ముందూ ఆ అమ్మాయిని క్షమించమని అడిగింది. రేపటి నుంచి ఎవరి బకెట్టు వాళ్ళదేనని, కాదనేట్టయితే తన స్థానంలో వేరే వార్డెన్‌ని చూసుకోమని ప్రిన్సిపాల్ గారి వైపు తిరిగి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అవుననలేదు, కాదనలేదు.

అప్పుడు ఏడో తరగతి వరసలోంచి నాగదుర్గ అనే పిల్ల లేచి నిలబడింది. నిరుడు చలికాలమంతా వేరొకరికి వేడినీళ్ళు మోసిన పిల్ల.

"మరి మేం చేసిందంతా, మేడం? మాకెవరు చేస్తారు?"

అది గడుసు ప్రశ్న కాదు, న్యాయమైన ప్రశ్నే. సత్యకుమారి ఆ పిల్ల దగ్గరకి నడిచి వెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది.

"ఎవరూ చెయ్యరమ్మా. నీకు అన్యాయమే జరిగింది. దాన్ని నేను వెనక్కి తీసుకోలేను. కానీ అది నీ తర్వాతి పిల్లకి అందకుండా నువ్వు ఆపగలవు. నా వయసు వచ్చేదాకా నేను చెయ్యలేకపోయిన పని అది."

నాగదుర్గ కూర్చుంది. ఏడ్చింది. పక్కపిల్ల చెయ్యి పట్టుకుంది.

లోవమ్మ ఆ రాత్రికి హాస్టల్లోనే ఉండిపోయి, పొద్దున్న కుళాయిల దగ్గర ఒక్కొక్కరి చేతిలో ఒక్కో బకెట్టే ఉండటం కళ్ళారా చూసి, ట్రంకుపెట్టె అక్కడే వదిలి తునికి బయల్దేరింది. వెళ్తూ, చేతులు మానాక ఒక ఉత్తరం రాయించి పంపండి మేడంగారూ, ఫోన్ కాదు, దీని చేత్తో రాసిన ఉత్తరం అని అడిగింది. ఆ ఉత్తరం సెప్టెంబర్ ఆఖరుకి వెళ్ళింది.

అన్నీ చక్కబడిపోయాయని చెబితే అది అబద్ధం అవుతుంది. పదో తరగతిలో కొందరు నెలరోజులు వార్డెన్‌తో మాట్లాడలేదు. వెంకటరత్నం గారు కారేసుకుని వచ్చి గంటసేపు వాదించి వెళ్ళారు. హారతి మూతి ముడుచుకునే తన బట్టలు తను ఉతుక్కుంది. కానీ దసరా సెలవులకి ముందు ఒక సాయంత్రం, మెట్ల మీద కూర్చుని, రమ్యశ్రీకి భిన్నాలు చెబుతూ కనిపించింది. ఎవరూ చెప్పమనలేదు.

పాఠకులారా, ఇది ఒక్క హాస్టల్ సంగతే అనుకోకండి. కొత్త కోడలి విషయంలో, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడి విషయంలో, మన ఇళ్ళలోనూ ఆఫీసుల్లోనూ రోజూ వినబడే మాటే ఇది: మేం పడలేదా, వాళ్ళూ పడతారు. మనం పడ్డ కష్టాన్ని కిందివాళ్ళకి అప్పగించి దానికి సంప్రదాయం అని పేరు పెట్టుకోవడం చాలా తేలిక. నా దగ్గరికి వచ్చింది నా దగ్గరే ఆగిపోవాలి అనుకోగలిగిన రోజునే మనిషి నిజంగా పెద్దవాడవుతాడు.