పాత చీటీ మందు

జాయ్సీ రెండుసార్లు తుమ్మింది. మణెమ్మ చెప్పులు వేసుకుంది.

భర్త నెహెమ్యా కైకలూరు దగ్గర రొయ్యల చెరువులకు కాపలా, వారానికోసారి వస్తాడు. ఏలూరులోని అద్దె గదిలో తల్లీ, ఎనిమిదేళ్ల కూతురూ మాత్రమే. రెండేళ్ల కిందట పిల్లకు నిమ్ము చేస్తే డాక్టరు రాసిచ్చిన చీటీ మణెమ్మ దగ్గరుంది. ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, మళ్లీ నిమ్మేనని ఆమె గుండె జారిపోయేది. అడగడానికి మనిషి లేక ఆ చీటీ పట్టుకుని మందుల షాపుకు పోయేది. ఏడాదిలో ఏడుసార్లు అదే యాంటీబయోటిక్ తాగించింది. నాలుగు రోజుల్లో ఎలాగూ తగ్గే జలుబును మందే తగ్గించిందనుకుంది. ఇలాంటి చీటీలు మన ఇళ్లలో మాత్రం లేవా?

ఈమధ్య జాయ్సీకి తిండి సయించడం లేదు. తరచూ విరేచనాలు. వేళకు నిద్రపోదు, బడిలో తూగుతుంది. బరువు తగ్గింది. పిల్ల తనకు దక్కదేమోనని మణెమ్మ ఒంటరిగా ఏడ్చేది.

నెహెమ్యా వచ్చాక పిల్లను డాక్టర్ ఉషశ్రీకి చూపించారు. ఆమె చీటీ చూసి, ఏడాదిలో ఎన్నిసార్లు వాడారో అడిగి తెలుసుకుంది.

"ఇన్నిసార్లు ఎవరు వాడమన్నారమ్మా?"

"ఎవరూ అనలేదండీ. భయమేసి వేశాను."

రొయ్యల చెరువుల కాపలా పని అని చెప్పిన నెహెమ్యా వైపు డాక్టరు తిరిగింది. "చెరువు మీద మీరేం చూస్తారండీ?"

"మేత పెట్టి నీళ్లలో దించిన చెక్ ట్రే ఎత్తి, అందులోకొచ్చిన రొయ్య పేగు చూస్తామండి. మేతలో ప్రోబయోటిక్ కలుపుతామండి. పేగులో మంచి బ్యాక్టీరియా ఉంటేనే రోగం తట్టుకుంటాదండి. మేత కూడా వేళ తప్పకూడదండి."

"రొయ్య పేగు సంగతి ఇంత తెలిసినోరు, పిల్ల సంగతి నాకెప్పుడైనా చెప్పారా?" అంది మణెమ్మ.

"నువ్వు అడిగావా?"

"మీ ఫోనుకి సిగ్నలుంటే కదండీ అడగడానికి."

డాక్టరు నెమ్మదిగా చెప్పింది. "మన పేగుల్లోనూ మేలుచేసే సూక్ష్మజీవులు ఉంటాయమ్మా. తిన్నది ఒంటికి పట్టడానికీ, రోగాన్ని ఎదిరించడానికీ అవి సాయం చేస్తాయి. ఒంట్లో పగలూ రాత్రీ తెలిపే గడియారం ఒకటుంది, దానికీ వాటికీ లంకె ఉంది. యాంటీబయోటిక్ వాటినీ చంపేస్తుంది, అందుకే అక్కర్లేకుండా వాడకూడదు. డాక్టరు రాసినప్పుడు మాత్రం చెప్పినన్ని రోజులూ వాడాలి. పరీక్షలు రాస్తున్నాను. తిండీ, నిద్రా వేళకి పెట్టండి. కుదుటపడడానికి కొంతకాలం పడుతుంది."

రెండు నెలలకు జాయ్సీకి మళ్లీ ఒళ్లు వెచ్చబడింది. నెహెమ్యా ఫోను కలవలేదు. మణెమ్మ ఈసారి పాత చీటీ జోలికి పోలేదు. ఆటో ఎక్కి పిల్లను డాక్టరుకు చూపించింది. యాంటీబయోటిక్ అక్కర్లేదన్నారు. తర్వాత రెండు రోజులూ మణెమ్మ పిల్ల నుదుటి మీద చెయ్యి తియ్యకుండా కూర్చుంది.

మూడోనాటి ఉదయం, "అమ్మా, ఆకలేస్తోంది" అంది జాయ్సీ.

ఆ మాట ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. గదిలో ఎవరూ లేరు. పిల్లకు పెరుగన్నం కలుపుతూ తనకు తానే చెప్పుకుంది: బిడ్డకు ఏ మందు వెయ్యాలో తల్లి భయం చెప్పకూడదు, డాక్టరు చెప్పాలి.