తర్వాత కొన్న అక్షరం

మా కోడలు అక్షరాలు గీస్తుంది. కంప్యూటర్లో మనం ఎంచుకునే ఫాంట్లన్నీ ఎవరో ఒకరు కూర్చుని గీసినవేనని ఆమె మా ఇంటికి వచ్చాకే నాకు తెలిసింది. ఈసారి ఒక పోస్టర్ల కంపెనీ లావుపాటి అక్షరాలు అడిగింది. పాత చెక్క అచ్చులతో వేసినట్టు, సిరా సరిగా అంటక, అంచులు చిట్లి కనిపించాలట. కోడలు రెండుసార్లు గీసి పంపింది. రెండుసార్లూ "ఇవి పాతగా లేవు, పాతవాటిలా నటిస్తున్నాయి" అని తిప్పి పంపారు. మూడోసారీ కుదరకపోతే పని ఇంకొకరికి ఇస్తామన్నారు. అది ఆమె ఏడు నెలల కష్టం.

చెప్పగలిగిన మనిషి ఇంట్లోనే ఉన్నారు. మావారు ముప్ఫై ఏళ్లు అచ్చాఫీసులో పోస్టర్లు వేశారు. కానీ ఆమె కంప్యూటర్ తెర వైపు కన్నెత్తి చూడరు.

"చిట్లిన అక్షరం కనబడితే తీసి పారేసేవాణ్ణి. ఈ అమ్మాయి పనిగట్టుకుని చిట్లగొడుతోంది," అన్నారు నాతో, ఆమెకు వినబడేలా.

"ఆ పారేసినవి ఒక డబ్బాలో దాచి ఉంటే ఈపాటికి గట్టెక్కేదాన్ని మామయ్యగారూ," అంది కోడలు.

ఆయన పంతమంతా తెర మీదే. కాగితం మీద ఏముంటే అది చదవకుండా ఉండలేరు. అందుకని కోడలి చేత ఒక వరుస అచ్చు తీయించి, మర్నాడు పొద్దున ఆయన టీ కప్పు కింద పెట్టాను. 'పల్లె పదాల పందిరి' అని ఉంది.

కప్పు పక్కకు జరిగింది. కళ్లజోడు వచ్చింది.

"అమ్మాయ్, ఈ మూడు 'ప'లకీ పొట్ట మీద ఒకేచోట గాటేమిటి? ముగ్గురూ ఒకే మెట్టు మీద జారిపడ్డారా?"

"నేను గీసింది ఒక్క 'ప'నే కదండీ. ఎప్పుడు నొక్కినా అదే వస్తుంది."

"నా దగ్గర ఒక్కటే ఉంటే ఈ వరుస ఎలా వేస్తాను? మూడు చెక్కలు కావాలి. ఒకటి కిందపడి ఉంటుంది, ఒకటి తడిసి ఉబ్బి ఉంటుంది. దేని కథ దానిది."

కోడలు ఆ కాగితం తీసుకుని తెర ముందు కూర్చుంది. ఆ రోజు నుంచి ఒక్కో అక్షరానికి మూడేసి రూపాలు గీయడం మొదలుపెట్టింది, వరుసగా నొక్కితే ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా. మావారి కుర్చీ తెర పక్కకు చేరింది. నేను చిక్కుళ్లు ఒలుస్తూ వినేదాన్ని.

"దీనికేమైంది మామయ్యగారూ?"

"దాన్ని నేనే పడేశాను. నేరం ఫోర్‌మన్ మీదకి నెట్టాను."

మూడో 'ప' అంచు చెక్కబోతుంటే మాత్రం ఆపారు.

"దాన్ని ముట్టుకోకు. మరీ అరిగిపోయినదాని బదులు కొత్తది తెప్పిస్తాం కదా. అచ్చుల పెట్టెలో ఎప్పుడూ ఒకటో రెండో కొత్తవి ఉంటాయి."

నేను లేచి వెళ్లి చూశాను. నున్నటి ఆ ఒక్కదాని పక్కన మిగతా రెండూ ఇంకా పాతగా కనిపించాయి. మా అల్మరాలో పగిలినదాని స్థానంలో కొత్త కప్పు పెట్టినప్పుడూ అంతే, తక్కినవాటి వయసు బయటపడింది.

పంపిన నాలుగో రోజు జవాబు వచ్చింది. కోడలు పైకే చదివింది. "ఇప్పుడు బాగున్నాయి, తీసుకుంటున్నాం. ఒక్క 'ప'ని అరగదీయడం మరిచిపోయినట్టున్నారు. సరిచేసి పంపండి."

చదివి ఆయన వైపు చూసింది. ఆయన పేపరు దించలేదు.

"అది తర్వాత కొన్నదని రాయి."

ఆమె ఆ ఒక్క ముక్కే రాసి పంపింది. సాయంత్రానికి మళ్లీ జవాబు వచ్చింది.

"అయితే అలాగే ఉండనివ్వండి."