పది నిమిషాలు ముందున్న ఇల్లు

ఆ ఇంట్లో గడియారాలన్నీ పది నిమిషాలు ముందుంటాయి. హాల్లో ఉన్నదీ, వంటింట్లో ఉన్నదీ, మామగారి చేతికున్నదీ అంతే. ఆయన ముప్ఫై ఒక్కేళ్ళు బస్సు డిపోలో టైమ్‌కీపరుగా చేశారు. గడియారం ముందుకు తిప్పి ఉంచితే తప్ప డ్రైవర్లు వేళకు బండి కదిలించరని అక్కడ కనిపెట్టారు. రిటైరైన రోజు దండతో పాటు ఆ కిటుకును కూడా ఇంటికి తెచ్చుకున్నారు.

"దేవుడి ముందు ఆలస్యంగా నిలబడకూడదమ్మాయ్" అంటూ రోజూ గడియారంలో ఆరు కొట్టగానే కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటారు.

కోడలు కాపురానికొచ్చిన వారంలోనే ఆ లెక్క ఒంటబట్టించుకుంది. గడియారం ఎనిమిదీ ఇరవై చూపిస్తే ఆమె కంటికి ఎనిమిదీ పది కనిపిస్తుంది. తీసివేస్తున్నానన్న ఊహ కూడా ఉండదు. ఆమె భర్తదీ అదే తీరు. అందరూ పది తీసేసుకుంటున్నప్పుడు పెద్దాయన కలపడం ఎందుకని అడిగినవాళ్ళు లేరు.

కోడలు ఇంట్లోనే కూర్చుని కంప్యూటరు ప్రోగ్రాములు రాస్తుంది. ఇన్నాళ్ళూ ఎవరెవరికో రాసిపెట్టింది. సొంతంగా తయారుచేసి, తన పేరు పెట్టుకుని ఇచ్చిన మొట్టమొదటి ప్రోగ్రాము మాత్రం ఒక పళ్ళ డాక్టరుకి. ఆయన క్లినిక్కులో కౌంటరు దగ్గర ఒక కంప్యూటరు, డాక్టరు గదిలో ఒకటి. అపాయింట్‌మెంటు ఎక్కడ మార్చినా రెండుచోట్లా మారుతుంది. ఒకేదాన్ని ఇద్దరూ మారిస్తే, తర్వాత మార్చినవాళ్ళ మాటే చెల్లుతుంది. డాక్టరు గదికి కొన్న కంప్యూటరును కోడలు ముందుగా ఇంటికి తెచ్చి, విండోస్ వేసి, వారం రోజులు తన కంప్యూటరుతో జతచేసి పరీక్షించింది. రెండూ అక్కాచెల్లెళ్ళలా మెలిగాయి.

క్లినిక్కుకు వెళ్ళగానే మొదలైంది గోల.

శుక్రవారం పొద్దున పదింటికి కౌంటరు దగ్గరుండే ఆవిడ ఫోను చేసింది. "మేడమ్, నేను రాసిన పేర్లు మాయమైపోతున్నాయి. అన్నీ కాదు, కొన్ని. ఇందాక పన్ను పీకించుకోవాల్సినాయన పేరు పోయి, ఊరికే చూపించుకోవడానికొచ్చినాయన పేరు వచ్చింది. డాక్టరుగారు సూది ఎత్తేసరికి ఆయన కుర్చీ దూకి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. చెప్పులు ఇక్కడే ఉన్నాయి."

వెనక నుంచి డాక్టరు గొంతు వినిపించింది. "సోమవారం తొమ్మిదింటికి రెండో కుర్చీ మొదలుపెడుతున్నానని చెప్పు. ఇవాళ నాలుగింటిలోగా తేలకపోతే మళ్ళీ నోటుపుస్తకమే అని చెప్పు!"

కోడలు మనసులోనే దేవుడికి దణ్ణం పెట్టుకుని బయల్దేరింది. ఆయనకు విండోస్ గురించి తెలుసా అన్న అనుమానం దారిలో ఒకసారి వచ్చింది. అన్నీ తెలిసినాయనకు ఇదొక లెక్కా అని సర్దిచెప్పుకుంది.

ముందు రెండు కంప్యూటర్లూ ఆపి మళ్ళీ పెట్టింది. తర్వాత ఫైర్‌వాల్ చూసింది. యాంటీవైరస్‌కు తన ప్రోగ్రామును పేరుపేరునా పరిచయం చేసి, ఇది మనదే, పట్టుకోకు అని చెప్పింది. అడ్మినిస్ట్రేటరు హోదాలో నడిపింది. విండోస్ తన తప్పులన్నీ తానే రాసుకునే చిట్టా తెరిచింది. ఎర్రగుర్తులు బోలెడున్నాయి గానీ అన్నీ ప్రింటరు మీద చాడీలే. చివరికి ప్రోగ్రామును పీకి కొత్తగా వేసింది. అదే అదనని విండోస్ అప్‌డేటుకు కూర్చుంది. ముప్ఫై ఎనిమిది శాతం దగ్గర నిలబడి, గంటసేపు కంప్యూటరు ఆపవద్దని బతిమాలింది.

"మా ఇంట్లో మిక్సీ కూడా ఇంతే మేడమ్" అంది కౌంటరావిడ. "ఓ దెబ్బ వేస్తే తిరుగుతుంది. వెయ్యమంటారా?"

"వద్దండీ. కొంచెం ఆగి చూద్దాం."

అప్‌డేటు ముగిశాక కోడలు తన ప్రోగ్రాము రాసుకున్న చిట్టా తెరిచింది. అందులో అంతా స్పష్టంగానే ఉంది.

"డాక్టరుగారూ, ఆ అపాయింట్‌మెంటును ఈవిడ తొమ్మిదీ నలభై మూడుకు మార్చారు. మీరు తొమ్మిదీ నలభై ఎనిమిదికి మార్చారు. మీరే తర్వాత కదా, మీదే నిలిచింది. ప్రోగ్రాము తప్పేం లేదు."

"నేను ముందు మార్చానండీ! మార్చి లోపలికెళ్ళి చేతులు కడుక్కున్నా. ఆ తర్వాతే ఈవిడ మార్చింది."

"అదే నేనూ చెప్తున్నా" అంది కౌంటరావిడ. "పదేళ్ళలో మేమిద్దరం ఒక్కమాట మీదున్నది ఇవాళే మేడమ్. మీరే నమ్మట్లేదు."

కోడలు చిట్టా మళ్ళీ మొదటి నుంచి చదివింది. ఇంటి దగ్గర వారం రోజులు నడిచినదానికి ఇక్కడేం తెగులు పట్టింది? డాక్టరు గది తెర మీద, మూలనున్న టైము వైపు చూసింది. మూడూ ఇరవై.

"కంగారు పడకండి. నాలుగింటికి ఇంకా యాభై నిమిషాలుంది."

"నలభై" అన్నాడు డాక్టరు.

"మూడూ పదే అయింది సార్, మేడమ్ అన్నదే రైటు" అని కౌంటరు దగ్గర నుంచి కేక.

"ఇక్కడ మూడూ ఇరవై అని కనపడుతుంటే!"

"మూడూ ఇరవై అంటే మూడూ పదే కదండీ" అంది కోడలు.

డాక్టరు ఆమె వంక చూశాడు. నోట్లో దూది పెట్టుకున్న పేషెంటు కూడా చూశాడు. తనేమన్నదో అప్పుడు కోడలి చెవికెక్కింది. లేచి, బయటికెళ్ళి ఇంటికి ఫోను చేసింది.

"మామయ్యా, వారం రోజులు మనింట్లో పెట్టిన కంప్యూటరు టైము మీరేమైనా..."

"నేనే సరిచేశానమ్మాయ్" అన్నారు మామగారు గర్వంగా. "మొండిది. నేను ముందుకు తిప్పడం, అది వెనక్కి పోవడం. టైము దానంతటదే సరిచూసుకునే మీట ఒకటి కనిపిస్తే ఆపేశా. అప్పట్నుంచి బుద్ధిగా ఉంది. నీ కంప్యూటరుకైతే కిందటేడే చేశాను. నువ్వు చూసుకోలేదా?"

చూసుకుంది. రోజూ చూసుకుంటూనే ఉంది, పది తీసేసి. ఇంట్లో రెండూ ఒకేలా ముందున్నాయి కాబట్టి అక్కడ తగవే రాలేదు. ఇక్కడ డాక్టరు ఏం రాసినా పది నిమిషాల తర్వాత రాసినట్టు పడుతోంది. ఆ పది నిమిషాల్లో కౌంటరావిడ ఏం మార్చినా పాతదని ప్రోగ్రాము పారేస్తోంది.

లోపలికెళ్ళి, డాక్టరు కంప్యూటరులో ఆ మీట మళ్ళీ వేసింది. నాలుగింటికి అయిదు నిమిషాలుందనగా ఇద్దరూ ఒకే పేరును పదిసార్లు మార్చి చూశారు. పదిసార్లూ తర్వాత మార్చినదే నిలిచింది.

"బాగైంది గానీ" అన్నాడు డాక్టరు కొంచెం దిగులుగా, "ఈ కంప్యూటరు వచ్చినప్పట్నుంచి పది నిమిషాలు ముందే భోజనానికి వెళ్తున్నా. ఇక కుదరదన్నమాట."

అప్పటికి గండం గడిచింది. కానీ మనుషులు తిప్పగలిగే గడియారాన్ని నమ్మి లెక్క రాయడం తన పొరపాటేనని కోడలికి తెలుసు. ఇంటికెళ్ళి, ఎవరి టైముతోనూ పనిలేకుండా, మార్పు వచ్చిన వరసలో కౌంటరు కంప్యూటరే అంకె వేసేలా ప్రోగ్రామును తిరగరాసింది. ఆదివారం సాయంత్రం డాక్టరు కొత్తది వేయించుకుని, "సోమవారం తొమ్మిదికి మీరు పక్కనుండాలి" అన్నాడు.

మామగారు మాత్రం రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

"దేవుడి దగ్గరికి పది నిమిషాలు ముందే వెళ్తున్నాననుకున్నానమ్మాయ్. ఆయన దగ్గర అసలు టైముంటుంది కదా. మరి నేను తిప్పింది ఎవరి కోసమంటావు?"

"మాకోసమే కదా మామయ్యా."

"మీరేమో తీసేసుకుంటున్నారాయె. ఆ డ్రైవర్లు కూడా అంతేనంటావా?"

సోమవారం ఆమె తీరిగ్గా తయారై, గడియారం చూసుకుని, ఇంకా పది నిమిషాలుందని ఒక గ్లాసు కాఫీ ఎక్కువ తాగి బయల్దేరింది. క్లినిక్కు మెట్లెక్కుతుంటే గోడ గడియారం తొమ్మిదీ పది చూపిస్తోంది. ఒక్క క్షణం, తొమ్మిదేలే అనుకుంది. ఆ వెంటనే, అది తమ ఇంటి గడియారం కాదని గుర్తొచ్చింది.

కిందటి రాత్రి అందరూ పడుకున్నాక మామగారు ఇంట్లో గడియారాలన్నీ సరిచేసి, ఎవరికీ చెప్పలేదు.

పరుగున లోపలికెళ్ళింది. రెండు కుర్చీల్లో ఇద్దరు పేషెంట్లు, ఎవరి పన్ను వాళ్ళకే పీకుతున్నారు. వరండాలో గొడవ లేదు. తెర మీద పేర్లు నిలకడగా ఉన్నాయి.

"అంతా వేళకే నడుస్తోంది మేడమ్" అంది కౌంటరావిడ. "మీరొక్కరే ఆలస్యం."