మూడో గ్లాసు దాకా

మా తమ్ముడు సీదాత్తీని ఇసుకలో దించి వచ్చిన రోజు నుంచి నాకు నిద్ర లేదు. ఏడు నెలలైంది. వాడు పోయాడన్న మాట మాత్రం ఇంతవరకూ నోరు తెరిచి ఎవరితోనూ అనలేదు. మా ఎడారి ఊరు నువాక్షోట్ బజారులో, ఆడవాళ్లు ఒంటికి చుట్టుకునే మెల్హఫా గుడ్డలు అమ్ముతాను. మొన్న నిద్రమత్తులో ఒక పెళ్లికూతురి మెల్హఫాను అడ్డంగా రెండు ముక్కలు చేశాను. దాంతో మా పిన్ని కూతురు మెత్తూ నన్ను అడక్కుండానే కౌన్సెలర్ దగ్గర టైము తీసుకుంది.

ఆ కౌన్సెలర్ ముందే ఫోనుకి ఒక మెసేజి పంపింది. యాభై నిమిషాలు, మీరు చెప్పండి, నేను వింటాను, ఏడుపొస్తే సిగ్గుపడకండి అని. నాకు ఒళ్లు మండిపోయింది. టైము చూసుకుని ఏడవాలా!

పేరు నెజాహా, ట్యునీషియాలో చదివొచ్చిన చిన్నపిల్ల. గదిలో రెండు కుర్చీలు, ఒక గోడ గడియారం, ముక్కు తుడుచుకునే కాయితాల డబ్బా ఉన్నాయి. సరే, ఎక్కడికెళ్లినా ముందు పలకరింపులే కదా.

"ఏ ఇబ్బందీ లేదు కదా, అమ్మాయ్?"

"లేదక్కా. మీకు?"

"నాకేం లేదు. మీ అమ్మ?"

"బాగుంది. మీ అమ్మగారు?"

"బాగుంది. మీ ఒంటెలు?"

"మాకు ఒంటెల్లేవక్కా."

"లేకపోతే మాత్రం? అడిగితే చెప్పాలి కదా. ఎలా ఉన్నాయి?"

"...బాగున్నాయి," అంది పాపం.

తరవాత నా ఫారం చూసి, "మీ తమ్ముడు సీదాత్తీ?" అంది.

"బాగున్నాడు, దేవుడి దయ," అన్నాను. పలకరింపులో ఎవరి గురించి అడిగినా అదే చెప్పాలి. పలకరింపులు మేనత్తల దగ్గరికి వచ్చేసరికి యాభై నిమిషాలూ అయిపోయాయని గడియారం గంట కొట్టింది.

రెండోసారి టీ కాయడానికి పొయ్యి, కెటిల్, పుదీనా, గ్లాసులు వెంట తీసుకెళ్లాను.

"అక్కా, ఇది ఆఫీసు," అంది.

"అందుకే తెచ్చుకున్నా. మంచినీళ్లిచ్చి మనసులో మాట చెప్పమంటావా? నిన్ను కన్నదెవరే!"

అసలు విషయం మూడో గ్లాసు టీ తరవాతే మాట్లాడాలని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. రెండో గ్లాసులో నురగ పైకి లేస్తుండగా గంట కొట్టింది. సామానంతా సర్దుకుని తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. ఆ రాత్రీ కళ్లు మూతపడలేదు.

మూడోసారి వెళ్లేసరికి నెజాహాయే ఒక పొయ్యి తెచ్చి వెలిగించి, మొదటి గ్లాసు పోసి పెట్టింది. ఫరవాలేదు, దారిలో పడింది అనుకున్నాను. ఈలోగా మెత్తూ ఆ పిల్లకి ఫోను చేసి నా తమ్ముడి సంగతంతా కక్కేసిందని నాకు తెలియదు. అమ్మలు, మేనత్తలు, లేని ఒంటెలు, పలకరింపులన్నీ అయ్యాయి.

"సీదాత్తీ?" అంది.

"బాగున్నాడు."

"సరిగ్గా తింటున్నాడా?"

"తింటున్నాడు."

"నిద్రపోతున్నాడా?"

"నీకు బుద్ధుందా పిల్లా!" అని అరిచాను. "చచ్చిపోయినవాడు నిద్రపోతున్నాడా అని అడుగుతారా ఎవరైనా!"

గ్లాసు నా చేతిలోనే ఉంది. ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. అదే సమయానికి పాడు గంట కొట్టింది. నెజాహా లేచి, కుర్చీ ఎక్కి, గడియారం దింపి సెల్లు పీకేసింది.

"ఇంకా రెండో గ్లాసేగా అక్కా," అంది.

"పోయాడే," అన్నాను. "నా తమ్ముడు చచ్చిపోయాడే అమ్మాయ్." డబ్బాలో కాయితాలు అయిపోయాయి. తరవాత నా మెల్హఫా కొంగూ తడిసిపోయింది. మూడో గ్లాసు తనే పోసింది. తాగానో లేదో గుర్తు లేదు, ఆ కుర్చీలోనే నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి ఎండ గోడ దిగిపోయింది. నా తరవాత టైము తీసుకున్న పెద్దాయనెవరో గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. నేను లేస్తానేమోనని నెజాహా గొంతు తగ్గించి ఆయన్ని పలకరిస్తోంది. ఒంటెల దాకా వచ్చారు.