నాయన ఎదుట కుర్చీ

ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీలో మా నాయన కూర్చున్నాడనుకోమంది కౌన్సెలింగ్ చేసే ప్రియదర్శిని మేడం. అనుకున్నానో లేదో, లేచి నిలబడ్డాను. మా ఇళ్లలో నాయన ముందు ఆడపిల్ల కుర్చీలో కూర్చోదు. పోయి రెండేళ్లయినా నాయన నాయనే కదా.

మేడం కూర్చోమంది. కూర్చున్నాను. ఆయన వంక చూడమంది. మళ్లీ లేచాను. మార్కాపురం దాకా వచ్చి ఈ గుంజీళ్లేమిటని నాకే చిరాకేసింది.

ఊరికే రాలేదు నేను. పోయిన వారం నా ఏడేళ్ల కూతురి కాలు తగిలి బిందెడు నీళ్లు ఒలికిపోతే, వేళ్లు తేలేలా చెంప మీద కొట్టాను. ఆ చెంప చూశాక నా చెయ్యంటే నాకే భయమేసింది. అది ఎవరి చెయ్యో నాకు తెలుసు. మాది పుల్లలచెరువు పక్క పల్లె. ట్యాంకరు వస్తేనే నీళ్లు. పాప వయసులోనే నేను బిందెతో సహా పడ్డాను. నాయన గొర్రెలు తోలే కట్టెతో కొట్టి, చీకటి పడేదాకా నన్ను గొర్రెల దొడ్డిలో పెట్టి తడిక కట్టేశాడు.

ఇదంతా ఎవరి కథో చెప్పినట్టు గబగబా చెప్పేశాను. తనకు కాదు, ఆయనకే చెప్పమంది మేడం. గడియారం చూశాను. బ్యాగు సర్దాను. బస్సుకు టైమైందన్నాను. ఆవిడ కదల్లేదు.

చివరికి కుర్చీని పక్కకు లాగేసి, చున్నీ తీసి నేల మీద పరిచాను. నాయన కుర్చీ ఎప్పుడెక్కాడు గనుక? గొంగడి పరుచుకుని నేల మీదే కూర్చునే మనిషి. ఆయన్ను అక్కడ కూర్చోబెట్టి, ఎదురుగా నేనూ చతికిలబడ్డాను. అప్పుడు నోరు పెగిలింది.

"నాయనా, నీళ్లు పోయినాయని కొడితివి. మోకాలు పగిలి నెత్తురు కారతా ఉంటే, దెబ్బ తగిలిందా అని ఒక్క మాట అడగకపోతివే."

ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్నేళ్లూ కోపమనుకున్నదాని అడుగున ఉన్నదంతా బెంగే. ఆయన వచ్చి అడుగుతాడని తడిక సందులోంచి చూస్తూనే ఉండిపోయాను.

ఇంటికెళ్లేసరికి పాప మంచం మీద కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది. కూర్చోమన్నాను. కూర్చుంది. దగ్గరికి వెళ్లాను. మళ్లీ లేచి గోడకు ఆనుకుంది.

చున్నీ నేల మీద పరిచి, దాని మీద నేను కూర్చున్నాను.

"ఆ పొద్దు కాలికి దెబ్బ తగిలిందా, అమ్మా?"

పాప ముందు నా చేతుల వంక చూసింది. తర్వాత గోడకు ఆనుకునే, మెల్లగా కాలు ముందుకు చాపింది. బొటనవేలి గోరు నల్లగా కమిలిపోయి ఉంది.