ఫ్లెక్సీ వెనకాల

మిట్టమధ్యాహ్నం సిటీలో, సుచిత్ర దగ్గర మా ఫ్లాట్‌లో ఏసీ కింద కూర్చుని, శామీర్‌పేట అవతల ఒక కోళ్ల షెడ్డు ఉడికిపోతుంటే కంప్యూటర్ తెర మీద చూస్తున్నాను. చూడటం తప్ప ఏమీ చేతకావడం లేదు.

షెడ్డు జనార్ధన్ గారిది. పేరుకే ఆయనది, కోళ్లను సాకేది ఆయన భార్య పద్మమ్మ. ఆ పల్లంలో ఫోన్ సిగ్నల్ రాదు. ఎత్తైన గొట్టానికి యాంటెనా కట్టి ఒకే ఒక్క నెట్ కనెక్షన్ తెచ్చారు. పనివాళ్లు దానిమీద రీల్స్ చూస్తున్నారని, షెడ్డు కోసం మేం చేసిచ్చిన యాప్ తప్ప ఇంకేదీ నడవకుండా జనార్ధన్ గారే మూయించారు. ఇక అన్నీ ఆ ఒక్క దారినే పోవాలి. షెడ్డులో వేడి ఎంతుందో చెప్పే అంకెలు, ఫ్యాన్ల బటన్, ఫోటోలు, మనుషుల కబుర్లు, దేని పద్ధతి దానిది. ఒక్కో సందేశం నెత్తిన అది ఏ రకమో గుర్తు పెట్టి పంపి, అవతల విడదీసేలా జావాస్క్రిప్ట్‌లో రాసింది నేనే. బాగా రాశానని మురిసిపోయాను కూడా.

ఇవాళ కరెంటు పోయి వచ్చింది. వచ్చాక ఫ్యాన్లు వాటంతటవి తిరగవు, యాప్‌లో బటన్ నొక్కాలి. ఒకటే బటన్. ఆగి ఉంటే తిరుగుతాయి, తిరుగుతుంటే ఆగుతాయి. ఎవరు నొక్కినా ఆ ఆజ్ఞ మా సర్వర్ నుంచే షెడ్డుకు దిగాలి. గోడకి కరెంటు బోర్డు ఉంది గానీ, పనివాళ్లు ఇష్టమొచ్చినప్పుడు ఫ్యాన్లు ఆపేస్తున్నారని దానికి తాళమేసి, తాళంచెవి జేబులో వేసుకు తిరుగుతారు జనార్ధన్ గారు. ఇవాళ పనివాళ్లను కూడా వెంటేసుకుని ర్యాలీకి పోయారు. పద్మమ్మ సర్పంచ్‌గా నిలబడుతోంది మరి. నిలబడేది ఆవిడ, ఊరేగేది ఈయన.

పద్మమ్మ వాయిస్ వచ్చింది. "నవ్యా, కరెంటొచ్చింది గని ఫ్యాన్లు తిరుగుతలేవు బిడ్డా. నేను నొక్కి నొక్కి సాలైంది. కోళ్లు నోర్లు తెరిశి రొప్పుతున్నయ్."

నేను నొక్కాను. కదల్లేదు. మళ్లీ నొక్కాను. ఎన్నిసార్లు నొక్కానో నాకే తెలీదు. అక్కడి నుంచి వచ్చేవన్నీ వస్తున్నాయి, ఇక్కడి నుంచి ఒక్కటీ పోవడం లేదు.

పోవాల్సినవాటి వరస తెరిచి చూశాను. అన్నిటికన్నా ముందు ఒక ఎన్నికల ఫ్లెక్సీ డిజైన్, ప్రింటుకిచ్చే సైజులో. అంత బరువైన ఫైల్‌నీ ఒకే ముక్కగా పంపేలా రాశాను. అది పూర్తిగా దిగేదాకా వెనకున్నవి కదలవు. దాని వెనక మళ్లీ అదే ఫ్లెక్సీ. దాని వెనకా అదే. ఊరేగింపు వెనక ఇరుక్కున్న అంబులెన్స్‌లా పద్మమ్మవీ నావీ బటన్ నొక్కుళ్లు చివరన ఉన్నాయి.

జనార్ధన్ గారికి ఫోన్ చేశాను. డప్పుల మోత.

"ఫ్లెక్సీ పోతలేదు మేడమ్. మా ఆమె జూసి సరే అంటె ప్రింటుకిస్త. టిక్కు వడ్తలేదని మల్ల మల్ల పంపిన."

"పంపడం ఆపండి సార్! ఫ్యాన్లు ఆగిపోయాయి, కోళ్లు చచ్చిపోతాయి. ఆ బోర్డు తాళం..."

"తాళం ముట్టొద్దను. కొత్త బోర్డది. నేనే వస్తున్న, జల్దీ వస్త."

వచ్చి ఏం చేస్తారు, చచ్చిన కోళ్లకు గొయ్యి తవ్విస్తారా? ఆ మాట నోటిదాకా వచ్చేలోపే ఫోన్ పెట్టేశారు.

సర్వర్ ఆపి మళ్లీ లేపాను. ఏ సందేశమూ మధ్యలో తప్పిపోకూడదని నేనే రాసుకున్న జాగ్రత్త నా పీకకు చుట్టుకుంది. ఫ్లెక్సీ మళ్లీ మొదటి నుంచి బయల్దేరింది, మిగతావన్నీ దాని వెనకే.

వేడి ఇంకో డిగ్రీ పెరిగింది. పద్మమ్మ వాయిస్ మళ్లీ వచ్చింది. "గోనెసంచులు తడిపి కడుతున్న, సాల్తలేవు. మూలకున్నయి ఒరిగిపోతున్నయ్ బిడ్డా. నువ్వు పలుకుతలేవేంది? గీ తాళం పలగొట్టాల్నా? ఆయనేమంటడో. నువ్వన్న జెప్పు, లేకుంటె ఆయన్నన్న అడిగి జెప్పు."

పగలగొట్టండి, అని టైపు చేశాను. పగలగొట్టండి పద్మమ్మగారూ, నేను చూసుకుంటాను. ఆవిడ ముఖం ఉన్న ఫ్లెక్సీ వెనకాల వెళ్లి నిలబడింది ఆ మాట. ఏడుపొచ్చింది. వినపడదని తెలిసీ, పగలగొట్టండి అని కంప్యూటర్ మీద అరిచాను.

ఇక ఫైళ్లను పక్కకు నెట్టి, బటన్‌నూ మాటలనూ ముందు పంపేలా కోడ్ మార్చడం మొదలుపెట్టాను. తొందరలో ఒక బ్రాకెట్ వదిలేశాను. నడవలేదు. అదెక్కడుందో కళ్లకు ఆనలేదు. చివరికి దొరికితే దిద్దాను. కొత్త కోడ్ ఎక్కించడానికి ఒక్క మీట నొక్కాలి, అంతే.

అప్పుడొచ్చింది వాయిస్. మాటకన్నా ముందు ఫ్యాన్ల హోరు వినబడింది.

"నువ్వు జెప్తవని మస్తు జూసిన బిడ్డా. ఇగ ఆగలేకపోయిన. రాయి దీస్కొని పలగొట్టిన."

నవ్వబోయాను. అంతలోనే వరస గుర్తొచ్చింది. ఆవిడా నేనూ నొక్కిన నొక్కుళ్లన్నీ ఇంకా వరసలోనే ఉన్నాయి. కొత్త కోడ్ ఎక్కిస్తే ముందు దిగేవి అవే. ఊరుకున్నా, ఫ్లెక్సీలు అవగానే దిగుతాయి. తిరిగే ఫ్యాన్లను ఆపి, తిప్పి, ఆపి, తిప్పి మోటార్లను కాల్చిపారేస్తాయి. ఇందాకటి నుంచి తెరవాలని తంటాలు పడ్డ దారిని నా చేత్తోనే మూసేశాను. సర్వర్ ఆగింది. తెర మీద వేడి అంకె పోయింది. ఇక షెడ్డులో ఏమవుతోందో నాకు తెలీదు.

వరసలోంచి ఆ నొక్కుళ్లు చెరిపేస్తుంటే, ఫ్లెక్సీలనే ముందు ఇలా చెరిపేసి ఉండాల్సిందని అప్పుడు తట్టింది. అంతలో జనార్ధన్ గారి ఫోన్.

"టిక్కు ఇంకా వడ్తలేదు మేడమ్."

"పద్మమ్మగారు తాళం పగలగొట్టి ఫ్యాన్లు వేశారండీ."

కోళ్లెలా ఉన్నాయని అడుగుతారనుకున్నాను.

"ఎవ్వర్నడిగి పలగొట్టింది?" అన్నారు.

ఒళ్లు మండిపోయింది. "మనల్నే అడిగారండీ. కోళ్లు కళ్ల ముందు ఒరిగిపోతుంటే కూడా అడిగి, మన జవాబు కోసం ఆగారు. ఆ ఆగినంతసేపట్లో చచ్చినవన్నీ మనిద్దరం చంపినవే" అన్నాను.