గరిటెముక్కు కొంగ

నేను ఒక కర్రకొంగను. పుట్టింది కొండపల్లిలో, పొణికి కర్రతో, నిజం కొంగంత ఎత్తున. నా ముక్కు చివర అన్నం గరిటెలా వెడల్పుగా ఉంటుంది. నవ్వొస్తే నవ్వుకోండి, నాకేం కొత్త కాదు.

నన్ను చెక్కిన నాంచారయ్య అలాంటి పక్షిని కంటితో చూడలేదు. చూసింది ఆయన భార్య మాణిక్యమ్మ. వాళ్ళ నాయనమ్మ కాలంలో మా ఊరి తుంగచెరువులో ఏటా దిగేవట. మాణిక్యమ్మ చిన్నప్పుడు ఒక్క ఏడాది వచ్చి, ముక్కులతో నీళ్ళను అటూ ఇటూ కలిపి వెళ్ళిపోయాయి. ఆ తర్వాత జాడ లేదు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఊరు ఆమెను ‘గరిటెముక్కు మాణిక్యం’ అని ఏడిపించేది. అది భరించలేకే నాంచారయ్య ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నన్ను చెక్కాడు.

“ముక్కు ఇంకా వెడల్పా?”

“ఇంకా. వండటం రాకపోతే పోయె, గరిటె కూడా చూళ్ళేదా ఏంటండీ?”

మావాళ్ళు బొమ్మను ముక్కలుగా చెక్కి మక్కుతో, అదే చింతగింజల ముద్దతో, అతికిస్తారు. ఆ సదుపాయమే నా కొంప ముంచింది. అంగడి కోటిలింగం నన్ను అమ్మకానికి పెట్టి, ఎవరూ కొనకపోయేసరికి, నా ముక్కు ఊడదీసి సూదిముక్కు అంటించాడు. పనివాడి పొరపాటు దిద్దానని గొప్పలు కూడానూ! అయినా అమ్ముడుపోలేదు. మాణిక్యమ్మ నన్ను ఇంటికి తెచ్చుకుని, నా అసలు ముక్కును పోపులపెట్టెలో దాచింది. నాంచారయ్య పోయాక ఆమెకు తోడు నేనే.

అలాంటి రోజుల్లో ప్రెసిడెంటు పద్మనాభరావు చెరువు పూడ్చి ఇళ్ళస్థలాలు వేయిస్తానన్నాడు. సభలో మాణిక్యమ్మ లేచి అడ్డం తిరిగింది.

“అది ఆ పక్షుల చెరువండీ. పూడిస్తే మళ్ళీ ఎక్కడ దిగుతాయి?”

“గరిటెముక్కులా పిన్నిగారూ? ఒక్కదాన్ని చూపించండి, పూడిక మానేస్తా.”

సభంతా గొల్లుమంది. మాణిక్యమ్మ ఇంటికొచ్చి కరువుతీరా ఏడ్చింది. ఏడుపయ్యాక మక్కు నూరింది. సూదిముక్కు పీకి పారేసి, నా ముక్కు నాకు పెట్టి, రంగులేసి, చంకనెత్తుకుని చెరువుకు తీసుకెళ్ళింది. మోకాటిలోతు నీళ్ళలో గుంజకు కట్టి నిలబెట్టింది.

“తోటిదాన్ని చూస్తే ధైర్యంగా దిగుతాయే తల్లీ. పిలువు” అంది.

నాకు పిలవడం రాదు, నిలబడటం వచ్చు. ఎండకూ వానకూ నిలబడ్డాను. కాకులు నెత్తిమీద చేసిన మర్యాద గురించి చెప్పను. గట్టు మీద నిలబడి ఊరు నవ్వుతూనే ఉంది.

ఒక పొద్దున్న పైన రెక్కల చప్పుడు. తెల్లటి పక్షి ఒకటి నా పక్కనే దిగింది. ఆ ముక్కు చూద్దును కదా, ఒరే కోటిలింగం, వచ్చి చూసుకోరా! వెనకే గుంపంతా దిగింది. నీళ్ళు కలపడం మొదలెట్టింది. గట్టు మీదున్న మాణిక్యమ్మ, పిట్టలు బెదురుతాయని చెంగు నోట్లో కుక్కుకుని, ఊళ్ళోకి పరిగెత్తి మరీ అరిచింది.

“రండిరా! నా గరిటెముక్కులు వచ్చాయిరా!”

ప్రెసిడెంటు చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా గట్టెక్కాడు. ఒక్కో ముక్కునూ తేరిపార చూశాడు.

“మీరే గెలిచారు పిన్నిగారూ. చెరువు జోలికి రాను” అన్నాడు చివరికి.

ఆ పక్షులు ఇప్పుడు ఏటా వస్తున్నాయి. నేను పంచాయతీ ఆఫీసులో అద్దాలపెట్టెలో ఉంటున్నాను. పక్కగోడకు ఆనాడు పేపరువాళ్ళు తీసిన ఫొటో వేలాడుతోంది. వచ్చినవాళ్ళంతా అందులో ముందున్న పక్షిని చూపించి, “అన్నింట్లోకీ ఇదే అసలైన గరిటెముక్కు, ఎంత ఠీవిగా నిలబడిందో!” అంటారు. మాణిక్యమ్మ నా వైపు చూసి, నవ్వి ఊరుకుంటుంది.

ఆ పక్షిని నేనే.